దిగినవాడు

భద్రాచారిగారు శిష్యులకి ఉపదేశం చెయ్యడం నేను వినలేదు. ఎవరైనా బరువైన ప్రశ్న అడిగితే చాలు, ఆయన పైపంచె దులుపుకుని “పదవయ్యా, స్టేషను దాకా వెళ్ళొద్దాం” అనేవారు. స్టేషను అంటే పెద్దగా ఊహించుకోకండి! మాస్టరు లేడు, టిక్కెట్లిచ్చేవాడు లేడు, పచ్చజెండా వాడూ లేడు. పేరు చెరిగిన బోర్డొకటి, సిమెంటు బల్ల ఒకటి, చుట్టూ మిరప చేలు. మధ్యాహ్నం పన్నెండింటికి పాసింజరు ఒక్క నిమిషం ఆగుతుంది, అంతే.

ఒకనాడు టైలరు కోటిలింగం భుజాన సంచితో వచ్చాడు. పిల్లల్లేరు, ఇంట్లో ఉన్నది భార్య అంకమ్మ ఒక్కతే. “గురువుగారూ, సంసారం మీద మనసు విరిగిపోయింది. కాశీ పోతున్నాను. నేను పోతే ఎవరికేం లోటండీ?” అన్నాడు. ఆయన వాదించలేదు. “బండి వేళయింది, పద,” అన్నారు. గొడుగు పట్టుకుని శిష్యుడు గవరయ్య కూడా బయల్దేరాడు. ఈ సంగతి నాకు చెప్పింది ఆ గవరయ్యే.

మిట్టమధ్యాహ్నం. ప్లాట్‌ఫారం మీద నరమానవుడు లేడు. బండి వచ్చి ఆగింది. కోటిలింగం మెట్టు మీద కాలు పెట్టాడో లేదో, అదే పెట్టె రెండో గుమ్మంలోంచి ఒకాయన దిగాడు. భుజాన సంచి. కాలరు చిరిగితే తిప్పి కుట్టిన తెల్లచొక్కా. ఆ కుట్టు తనదేనని కోటిలింగం అక్కడినుంచే పోల్చుకున్నాడు. కిందికి చూసుకుంటే, తన ఒంటిమీదా అదే చొక్కా! ఇక ముఖం సంగతి చెప్పాలా? అద్దంలో కనపడేలా కాదు, ఫొటోలో కనపడేలా ఉందట. పాపిడి కూడా సరైన వైపే!

ఆ మనిషి నేరుగా వచ్చి కోటిలింగాన్నే అడిగాడు, మర్యాదగా. “ఏమండీ, అంకమ్మగారిల్లు ఇటేనా?”

భద్రాచారిగారే చెయ్యి చాపి, “ఇటే నాయనా. కాలవ గట్టు దిగితే రెండో ఇల్లు,” అన్నారు. ఆ మనిషి దణ్ణం పెట్టి నడిచాడు. గట్టుమీద దారికడ్డంగా మేకలు పడుకుని ఉన్నాయి. ఒక్కటీ లేవలేదు. అయినా ఆయన అవతలికి వెళ్ళిపోయాడు.

“ఎవరండీ వాడు?” అన్నాడు కోటిలింగం.

“పొద్దున బయల్దేరేప్పుడు మీ ఆవిడతో ఏం చెప్పావు?”

“చెప్పకుండానే పోదామనుకున్నానండీ. తీరా గుమ్మంలో అలవాటుకొద్దీ ‘వెళ్ళొస్తా’ అన్నాను.”

“వెళ్ళేవాడివి నువ్వున్నావు. మరి వచ్చేవాడొకడు కావాలి కదయ్యా?”

గార్డు విజిలు ఊదాడు. గురువుగారు కోటిలింగం వీపు తట్టి, కన్నపిల్లని అత్తారింటికి పంపేటంత మెత్తగా అన్నారు. “ఎక్కు నాయనా, ఎక్కు. ఎవరికీ ఏ లోటూ లేదు.”

కోటిలింగం ఎక్కి సంచి లోపల పెట్టాడు. బండి కదిలింది. చక్రాలు నాలుగు చుట్లు తిరిగాయో లేదో, కోటిలింగం ఒక్క దూకు దూకాడు. సంచి బండిలోనే కాశీకి పోయింది. “ఒసే అంకమ్మా, తలుపు తియ్యకే!” అని కేకలేస్తూ, పంచె ఎగ్గట్టి గట్టుమీద పరిగెత్తాడు. మేకలు చెల్లాచెదురయ్యాయి. ముందొకడు నింపాదిగా నడుస్తున్నాడు, వెనకొకడు రొప్పుతూ ఉరుకుతున్నాడు. తుమ్మచెట్ల మలుపులో ఇద్దరూ మరుగైపోయారు. మలుపు అవతల తేలింది మటుకు ఒక్కడే. గవరయ్య కళ్ళు నులుముకుని మరీ చూశాడు. ఒక్కడే! అంత దూరానికి నడక ఏదో, పరుగేదో ఏం తెలుస్తుంది? అంకమ్మ తలుపు తీసి, కాళ్ళు కడుక్కోమని చెంబుతో నీళ్ళు అందించింది.

గవరయ్య గురువుగారి వైపు తిరిగాడు. “గురువుగారూ, ఇల్లు చేరింది మన కోటిలింగమేనా, ఆ దిగినవాడా?”

భద్రాచారిగారు గొడుగు తన చేతిలోకి తీసుకుని, ఎండలోకి అడుగేశారు.

“ఇంటికొచ్చినవాణ్ణే మొగుడంటారయ్యా,” అన్నారు.