ముక్కోణంలో సందు

ఆదిశేషు లోకంలో ఉండటానికి వీల్లేని బొమ్మలు గీసేవాడు. ఎంత ఎక్కినా మొదటికే వచ్చే మెట్లు, ముందేదో వెనకేదో తేలని పెట్టెలు. అన్నీ గీతలూ రంగులే, మనిషి జాడ ఉండదు.

ఇలాంటివి కాగితం మీదే కుదురుతాయని ఎవరో అన్నారు. దాంతో పౌరుషం వచ్చి, మూడు దూలాలతో మనిషెత్తు ముక్కోణం చేశాడు. నిజానికి అందులో రెండు చివర్లు కలవవు. ఒకటి ముందుంటే ఇంకోటి బాగా వెనక ఉంటుంది. సరైన చోట నిలబడి ఒక కన్ను మూసుకుంటే మాత్రం అతుక్కుపోయినట్టు కనిపిస్తాయి. ఆ చోట నేల మీద సుద్దతో పాదాలు గీశాడు.

ప్రదర్శనకి వచ్చిన జనం ఆ పాదాల మీద తప్ప అన్నిచోట్లా నిలబడ్డారు. అతనితో ఒకే గదిలో ఉండే స్నేహితుడు జోగినాథం చుట్టూ తిరిగి చూసి, "ఒరే శేషూ, ఇటు రారా. ఇక్కణ్ణుంచి భలే ఉంది" అన్నాడు.

ఆదిశేషుకి ఒళ్లు మండింది. అందరి ముందూ అతని జబ్బ పట్టుకుని లాక్కొచ్చి పాదాల మీద నిలబెట్టాడు. "చూడ్డం రాకపోతే నా బొమ్మల జోలికి రాకు" అన్నాడు.

జోగినాథం ఆ సాయంత్రమే గదిలోంచి వెళ్లిపోయాడు.

ముక్కోణం తిరిగొచ్చి గది ముందు వసారాలో చేరింది. ఆదిశేషు మళ్లీ సుద్ద పాదాలు గీసుకున్నాడు. రోజూ వాటి మీద నిలబడి తనే చూసుకునేవాడు. ఒక్కడికే వండుకున్నా అన్నం మిగిలిపోయేది. ఆ మిగిలిన అన్నం చూస్తే ఏడుపొచ్చేది.

చివరికి తనకి బొమ్మలు నేర్పిన గఫూర్ మాస్టారి దగ్గరికి వెళ్లాడు.

"ఎవరికీ చూడ్డం రాదు మాస్టారూ. ఒంటరివాణ్ణయిపోయాను."

"పద, నేను చూస్తాను" అన్నారాయన.

వసారాలో సుద్ద పాదాల మీద నిలబడి, బుద్ధిగా ఒక కన్ను మూసుకున్నారు. "బాగా కలిపావు. నువ్వూ రా, కలిసి చూద్దాం."

"ఇద్దరం పట్టమండి. కాస్త పక్కకి జరిగినా విడిపోతుంది."

"అలాగా" అని మాస్టారు పక్కకి తప్పుకుని శిష్యుణ్ణి అక్కడ నిలబెట్టారు. గోడకి ఆనించి ఉన్న పాత చాప చంకన పెట్టుకున్నారు. ఆదిశేషు ఒంటి కంటితో చూస్తూనే ఉన్నాడు. ఆయన తిన్నగా దూలాలు అతుక్కున్నట్టు కనిపించే మూలలోకే నడిచి వెళ్లారు. ఆ సందులో చాప పరిచి, మోకాళ్లు పట్టుకుని మెల్లగా కూర్చున్నారు. పక్కన చేత్తో తట్టారు.

"శేషూ, ఇటు రా. ఇక్కడ ఇద్దరికి చోటుంది."

ఆదిశేషు రెండో కన్ను తెరిచాడు.

"అది జోగినాథం చాప మాస్టారూ" అన్నాడు.

"అయితే వెళ్లి పిలుచుకు రా. అతనొచ్చాక నేను లేస్తాను."