ఏ రోగీ ఎరగని సుంకమ్మ

ఒకానొక రాజ్యపు వైద్యశాలలో సుంకమ్మ అనే ఆవిడ ఉండేది. కొత్తగా చేరిన పరిచారికలకు కట్టు కట్టడం, మందు పట్టడం, నొప్పి తెలియకుండా రోగిని పక్కకు తిప్పడం నేర్పేది. తను మాత్రం ఏ మంచం దగ్గరా నిలబడేది కాదు. పని నేర్చుకున్నాక ఆ పిల్లలకు ఆమెతో మాట్లాడే తీరిక ఉండేది కాదు. ఒక్కతే కూర్చుని అన్నం తినేది.

దివాను భుజంగరావుకి ఇది దండగనిపించింది. "రోగిని ముట్టని మనిషికి ఉద్యోగమెందుకు మహారాజా?" అని రాజుగారిని వెంటబెట్టుకొచ్చాడు. సుంకమ్మను ప్రతి మంచం ముందూ నిలబెట్టి, "ఈమె ఎవరో తెలుసా?" అని అడిగాడు. తెలుసని ఒక్కరూ అనలేదు. తమకు కట్లు కట్టే అమ్మాయిల పేర్లు మాత్రం అందరూ చెప్పారు.

"చూశారా ప్రభూ!" అన్నాడు దివాను.

"మీరూ చూశారు కదా దివానుగారూ," అంది సుంకమ్మ. "అమ్మాయి చెయ్యి తడబడితేనే నేను మంచం దగ్గరికి వెళ్లాలి. వీళ్లలో ఒక్కరు నన్ను గుర్తుపట్టినా, నాకు నేర్పడం చేతకాదని తీసెయ్యొచ్చు. ఎవరు గుర్తుపట్టారో చెప్పండి."

రాజుగారు నవ్వి, ఆమె ఉద్యోగం ఖాయం చేసి వెళ్లిపోయారు.

సుంకమ్మ మళ్లీ మంచాల మధ్య నుంచి నెమ్మదిగా నడిచింది, ఎవరైనా పలకరిస్తారేమోనని. చివరి మంచం మీది ముసలాయన చెయ్యెత్తి పిలిచాడు. గబగబా వెళ్లింది.

"కాస్త పక్కకి జరుగు తల్లీ," అన్నాడాయన, "నాకు కట్టు కట్టే అమ్మాయి వస్తోంది."