ఖోకాల డబ్బా

నరహరికి ఒళ్ళు మండిపోతోంది. మండదూ మరి! క్లబ్బు మొత్తంలో గురిచూసి కొట్టడంలో అతన్ని మించినవాడు లేడు. గోడ మీద వేలాడే పతకాల్లో సగం అతనివే. అలాంటివాణ్ణి ఉస్తాద్ జలాల్ సాబ్ సాయంత్రమయ్యేసరికి చాప మీద కూర్చోబెట్టి, ఇత్తడి ఖోకాలు ఏరిస్తున్నారు.

ఖోకా అంటే తెలియనివాళ్ళకు ఒక మాట. పిస్టల్ పేలాక గుండు ముందుకు దూసుకుపోతుంది, ఖాళీ ఇత్తడి డొల్ల పక్కకు ఎగిరి నేల మీద పడుతుంది. ఆ డొల్లే ఖోకా. దాన్ని కడిగి ఆరబెట్టి, అడుగున నిప్పు రాజేసే కొత్త టోపీ బిగించి, మందు పోసి, మూతికి కొత్త గుండు కూరిస్తే మళ్ళీ తూటా అవుతుంది. ఇత్తడికి ఓర్పు ఎక్కువ. ఎన్నోసార్లు పేలినా మళ్ళీ పనికొస్తుంది. కానీ ఏదో ఒకనాడు దాని గోడ వెంట్రుకవాసి చీలుతుంది. ఆ చీలిక కంటికి ఆనదు. అలాంటిదాన్ని నింపి కాలిస్తే చాలాసార్లు ఏమీ కాదు. ఎప్పుడో ఒకసారి మాత్రం నిప్పు వెనక్కి తంతుంది. పట్టుకున్న చెయ్యి ఎవరిదైతే వాళ్ళ ఖర్మ.

హైదరాబాదు దాటాక, రాళ్ళు కొట్టి కొట్టి వదిలేసిన ఒక క్వారీలో ఉంది ఆ క్లబ్బు. తూటాలు నింపుకోవడానికి దానికి లైసెన్సు కూడా ఉంది. రేకుల కప్పు కింద ఒక చిన్న గది, అందులో తూటాలు బిగించే ఒక ప్రెస్సు, గదికి ఒక తాళం. ఆ తాళంచెవి ఉస్తాద్ నడుముకే ఉంటుంది. ఫౌజులో తుపాకులు బాగుచేసి బాగుచేసి నెరిసిన మనిషి ఆయన. చేతులు కడుక్కుని, బిస్మిల్లా అనుకుని గాని ప్రెస్సు ముట్టుకోరు. క్లబ్బులో ఎవరు కాల్చినా ఆయన నింపిన తూటాయే కాలుస్తారు.

ఇప్పుడాయన కళ్ళకు శుక్లాలు కమ్మాయి. సోమవారం దవాఖానకు వెళ్ళాలి. ఆ తాళంచెవి ఎవరి చేతికొస్తుందా అన్నదే నరహరి బెంగ. తనకు తప్ప ఎవరికిచ్చినా తలెత్తుకు తిరగలేననుకున్నాడు. ఆ బెంగ కడుపులో దాచుకోలేక అడిగేశాడు.

"ఉస్తాద్, మీరు దవాఖానకు పోతే ఆ గది ఎవరు చూస్తరు?"

"నువ్వే చెప్పు బేటా."

"చెప్పేదేముంది? నాకంటే పాతోళ్ళు ఎవరున్నరిక్కడ? నాకంటే మంచిగ కొట్టెటోళ్ళు ఎవరున్నరు?"

"నిజమే," అన్నారు ఉస్తాద్. కడిగి ఆరబెట్టిన ఖోకాల డబ్బా అతని ముందు పెట్టారు. "వీట్ల మంచియి ఏరుకరా. రేపు కొత్తగ చేరినోళ్ళు కాలుస్తరు."

అడిగిందేమిటి, ఇచ్చిందేమిటి! నరహరి పళ్ళు కొరుక్కుంటూ డబ్బా తీసుకున్నాడు.

అతను తెలివైనవాడు, అది కాదనలేం. మూడు జల్లెడలు ప్రత్యేకంగా చేయించి తెచ్చుకున్నాడు. డబ్బా బోర్లించి ఊపితే పెద్దవి ఒకదాంట్లో, చిన్నవి ఇంకోదాంట్లో వాటంతటవే నిలబడతాయి. అయస్కాంతం తిప్పితే ఇనపవి అతుక్కుని వచ్చేస్తాయి. సైజు కుదిరింది, ఇనుము పోయింది, ఇక మిగిలిందేముంది?

పక్కనే సుకన్య కూర్చుంది. అతని తర్వాత చాలా రోజులకు చేరిన పిల్ల. గుప్పెడేసి ఖోకాలు తీసుకుని, చెవి దగ్గర మెల్లగా కదిపి, విని, పక్కన పోసుకుంటోంది. ఇత్తడి ఒకటికొకటి తగిలి గలగలమంటోంది. మధ్యలో ఎక్కడైనా బొంగురు వినిపిస్తే ఆగి, గుప్పెడూ చాప మీద పరిచి, ఒక్కొక్కదాన్నే గోటితో తడుముతోంది.

"ఏం సుకన్యా, గాజులు కొంటున్నవా?" అన్నాడు నరహరి.

"గాజు పగిలితే చెయ్యి గీరుకుంటది, అంతే అన్నా. ఇది గట్ల కాదు గద," అంది ఆమె తలెత్తకుండానే.

"గిట్లైతే తెల్లారుతది నీకు!" అని నవ్వుతూ నరహరి జల్లెడ ఊపాడు. ఆ గలగలల మధ్య ఒకటి బొంగురుగా మోగింది. ఓటికుండ మోత. అతనికి వినిపించింది. జల్లెడ ఆపి వెతకాలంటే మళ్ళీ మొదటికొస్తుంది. కొత్తోళ్ళకే గదా, అనుకున్నాడు. ఇంకాస్త గట్టిగా ఊపాడు. ఆ చప్పుడు మిగతా చప్పుళ్ళలో కలిసిపోయింది.

డబ్బా తీసుకెళ్ళి ఉస్తాద్ ముందు పెట్టాడు.

"అయిందా బేటా?"

"ఎప్పుడో అయింది. సైజుకు సైజు ఉన్నయి. ఇనపది ఒక్కటి లేదు."

ఉస్తాద్ మూత కూడా తియ్యలేదు. చేతులు కడుక్కుని డబ్బా పట్టుకుని గదిలోకి వెళ్ళారు. లోపల ప్రెస్సు కిందికీ పైకీ కదిలిన చప్పుడు కాసేపు వినిపించింది. బయటికొచ్చినప్పుడు ఆయన అరచేతిలో కొన్ని తూటాలు మెరుస్తున్నాయి.

"నీ డబ్బాలవే. కాలుస్తవా?"

"ఇటియ్యుండ్రి," అని నరహరి వెంటనే చెయ్యి చాపాడు. రెప్ప కూడా కొట్టలేదు.

ఉస్తాద్ ఇవ్వలేదు. నవ్వారు. "నీ ధైర్యం నాకు తెల్వదా," అంటూ తన పిస్టల్ తీసుకుని, మెల్లగా నడుచుకుంటూ కాల్చే గీత దగ్గరికి వెళ్ళారు. ఆయన పిస్టల్ పట్టి ఎన్నాళ్ళైందో! సుకన్య కూడా చేతిలో పని ఆపి చూస్తోంది. ఆయన తూటాలు ఒక్కొక్కటే మ్యాగజైన్‌లోకి నొక్కి, పిస్టల్‌లో బిగించి, చెయ్యి చాపారు.

నరహరి ఆ చెయ్యి చూశాడు.

నరాలు తేలిన చెయ్యి. మొదటిరోజు తన మణికట్టు పట్టుకుని ఇట్ల కాదు బేటా, ఇట్ల, అని దిద్దింది ఆ చెయ్యే. పోటీలో ఓడి వచ్చిన రోజు వెన్ను తట్టిందీ, గెలిచి వచ్చిన రోజు నోట్లో జిలేబీ పెట్టిందీ ఆ చెయ్యే. జల్లెడలో కలిసిపోయిన బొంగురు చప్పుడు అతని చెవిలో మళ్ళీ మోగింది.

"ఆగుండ్రి ఉస్తాద్!"

ఆ కేక రాళ్ళకు తగిలి తిరిగొచ్చింది. ఉస్తాద్ పిస్టల్ దించారు.

"ఏమైంది?"

"కాల్చకుండ్రి. మీకు దండం పెడతా, కాల్చకుండ్రి."

"సైజుకు సైజు ఉన్నయంటివి?"

"ఒకటి... ఒకటి బాగలేదు. జల్లెడల మోగింది. నేను విన్నా."

"ఎప్పుడు విన్నవు?"

"ఏరేటప్పుడే."

ఉస్తాద్ మ్యాగజైన్ ఊడదీశారు. బొటనవేలితో తూటాలు ఒక్కొక్కటే బయటికి నెట్టి అరచేతిలో వేసుకున్నారు. తిట్టలేదు. తిట్టినా బాగుండును అనిపించింది నరహరికి.

"నువ్వే కాలుస్తనని చెయ్యి చాపినవు. అప్పుడు యాదికి రాలేదా?"

"రాలేదు."

"కొత్తోళ్ళు కాలుస్తరని నేను చెప్పింది గూడ యాదికి రాలేదా?"

నరహరి తల దించుకున్నాడు. చెంపల మీంచి నీళ్ళు కారి చొక్కా మీద పడ్డాయి. తుడుచుకోవాలని కూడా తోచలేదు.

ఆ తూటాల్లో పగిలిన ఖోకా ఉందో లేదో ఉస్తాద్‌కు ముందే తెలుసా అంటారా? నాకేం తెలుసు! ఆ మాట ఆయన్ని అడిగే దమ్ము ఆ క్లబ్బులో ఎవరికీ లేదు.

ఆయన వెళ్ళి ఖోకాల డబ్బా బయట పెట్టి, గది తలుపుకు తాళం వేశారు. నడుము నుంచి తాళంచెవి విప్పి, తలుపు పక్కనున్న మేకుకు తగిలించారు. కళ్ళు సరిగా ఆనక మేకు కోసం రెండు చేతులతో తడుముకున్నారు.

"నాకు ఏదీ సరిగ కనవడ్తలేదు బేటా," అన్నారు. "నీకు నా చెయ్యి కనవడ్డది. మిగిలినోళ్ళ చేతులు గూడ కనవడ్డనాడు ఇది తీస్కో."

భుజాన తువ్వాలు వేసుకుని నమాజుకు వెళ్ళిపోయారు.

నరహరి డబ్బా చాప మీద బోర్లించాడు. జల్లెడలు తీసి దూరంగా పెట్టాడు. గుప్పెడు తీసుకుని చెవి దగ్గర కదిపాడు. విన్నాడు. పక్కన పోశాడు. ఇంకో గుప్పెడు. చాలాసేపటికి బొంగురు మోగింది. గుప్పెడూ పరిచి, గోటితో ఒక్కొక్కటే తడిమితే దొరికింది. దాని మూతి దగ్గర సన్నని గీత, చీమ కాలంత. దాన్ని పక్కన పెట్టి మళ్ళీ గుప్పెడు తీసుకున్నాడు.

సోమవారం ఉస్తాద్ దవాఖానకు వెళ్ళారు. సాయంత్రం సుకన్య వచ్చేసరికి నరహరి చాప మీదే ఉన్నాడు. తాళంచెవి మేకుకే ఉంది.

"అన్నా, తీస్కోలేదేంది? ఉస్తాద్ నీకే చెప్పిండు గద?"

నరహరి లేచి వెళ్ళి తాళంచెవి తీశాడు. తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు.

"నువ్వు పెట్టుకో చెల్లే," అన్నాడు. "నాకు ఇంకా ఒక్క చెయ్యే కనవడ్డది."

మళ్ళీ చాప మీద కూర్చుని, ఇంకో గుప్పెడు చెవి దగ్గరికి తీసుకున్నాడు.