ఉద్దండరాయుడి ఏడు అచ్చులు

కుంభపురి రాజు విక్రమకేతుడికి ఆ ఉదయం అన్నం సహించలేదు. కారణం నీలిరేవు.

నీలిరేవు అద్దకం పనివాళ్ళ ఊరు. రాజ్యానికున్న ఒకే ఒక్క ఓడరేవు కూడా అదే. రెండు రాజ్యాల సరిహద్దులో ఉంది కాబట్టి, ఎవరి ఏలుబడిలో ఉండాలో పన్నెండేళ్ళకోసారి ఊరివాళ్ళే తేల్చుకుంటారు. ఇద్దరు రాజుల పేర రెండు కుండలు పెడతారు. ఇంటికో తాటాకు ముక్క. ఎవరి కుండలో ఎక్కువ ఆకులు పడితే రేవు వాళ్ళది.

అసలు రోజు ఇంకా వారం ఉందనగా ఊరిపెద్దలు ఉత్తుత్తి కుండలు పెట్టి చూశారు. మూడు వందల ఆకుల్లో మన రాజుకు పడ్డవి నలభై.

"పోయినసారి రెండు వందల అరవై!" అని రాజు గర్జించి, పక్కనే తమలపాకుల పెట్టె పట్టుకు నిలబడ్డ గురవప్ప వైపు తిరిగాడు. "నువ్వు తెలివైనవాడివని కోటంతా అంటారుగా? నాలుగు రోజుల్లో కారణం చెప్పు. చెప్పకపోతే నిన్ను జయభేరి దళంలో చేర్పిస్తా!"

ఉరిశిక్ష అయితే ఒక్క పూటలో అయిపోతుంది. ఇది బతికినన్నాళ్ళూ ఉంటుంది, అనుకున్నాడు గురవప్ప.

జయభేరి దళమంటే రాజుగారి వీరాభిమానులు. దానికి నాయకుడు ఉద్దండరాయుడు. నీలిరేవు సంతలో కుండల రోజుకు నెల ముందు నుంచీ ఒక పొడవాటి తెల్లగుడ్డ కడతారు. ఎవరైనా దాని మీద తమ మాట రాసుకోవచ్చు. ఎవరేం రాసినా దళం వచ్చి కింద జవాబు రాసేది. రాసి రాసి చేతులు నొప్పెట్టడంతో ఉద్దండరాయుడికి గొప్ప ఆలోచన తట్టింది. అద్దకం అచ్చుల్లాంటివి ఏడు చెక్కించాడు. ఒకదాని మీద "ద్రోహి". ఒకదాని మీద "పక్క రాజు ఎంత ఇచ్చాడు?" మరొకదాని మీద "అప్పుడెక్కడున్నావ్?" అన్నిటికంటే పెద్దది, ఉద్దండరాయుడు స్వయంగా మోసేది, "నీ పుట్టుకే అనుమానం". దాంతో జవాబు రాసే శ్రమతోపాటు ఎదుటివాడు రాసింది చదివే శ్రమ కూడా తప్పింది.

గురవప్ప నీలిరేవు వెళ్ళి, సంతలో బట్టలు ఆరేస్తున్న పోలమ్మ అనే ఆవిణ్ణి కదిపాడు.

"అక్కా, పక్క రాజు అంత మంచివాడా?"

"ఆయనెవరో నాకేం తెలుసయ్యా! మా ఇంట్లో మూడు తరాల నుంచీ మీ రాజుకే ఆకేస్తున్నాం. రేవు మెట్లు విరిగాయి, మా పిల్ల జారిపడింది, కాస్త బాగుచేయించండి బాబూ అని రాశానంతే. తెల్లారేసరికి మా అమ్మానాన్నల మీద అచ్చు గుద్దారు. ఇప్పుడు మెట్లు బంగారంతో కట్టించినా సరే, నా ఆకు అవతలి కుండలోనే!"

గురవప్పకు ఒళ్ళు మండింది. నవ్వు కూడా వచ్చింది. కోటకు తిరిగివచ్చి రాజు ముందు ఒక తెల్లగుడ్డ ముక్క పరిచాడు.

"ప్రభూ, నీలిరేవుకు ముందుగా ఏం చేయాలని మీ మనసులో ఉందో మీ చేత్తో ఒక్క ముక్క రాసివ్వండి. ముద్ర వద్దు. ఎందుకని మాత్రం అడగొద్దు."

రాజు విసుక్కుంటూనే రాశాడు. గురవప్ప ఆ ముక్కను సంతగుడ్డ చివర కుట్టించి, ఒక రాత్రి అక్కడే ఉంచి, విప్పించి తెచ్చాడు.

నాలుగోరోజు సభ నిండిపోయింది. ఉద్దండరాయుడు మీసం దువ్వుతూ లేచాడు.

"ప్రభూ, నీలిరేవులో మనదే గెలుపు! పది రోజులుగా ఆ గుడ్డ మీద ఒక్కడూ మనల్ని ప్రశ్నించడం లేదు. అందరి నోళ్ళూ మూయించాం!"

"నోళ్ళు మూశారు నిజమే. ఆకులు చేతుల్తో కదా వేసేది!" అన్నాడు గురవప్ప. చంకలోంచి మడతపెట్టిన గుడ్డ తీశాడు. "రాయుడుగారూ, మొన్న రాత్రి గుడ్డ చివర ఎవరో కొత్తగా రాశారట?"

"రాస్తే? ఆ ఒక్కడికే పందొమ్మిది అచ్చులు పడ్డాయి! పుట్టుక అచ్చు నేనే మూడుసార్లు గుద్దాను. మళ్ళీ ఆ వెధవ కలం పట్టడు!"

గురవప్ప గుడ్డ విప్పి సింహాసనం ముందు పరిచాడు. ఎర్రటి అచ్చుల మధ్య నల్లటి అక్షరాలు కనిపిస్తున్నాయి: "రేవు మెట్లు కూలిపోతున్నాయి. వెంటనే బాగుచేయాలి."

తన చేతిరాత చూసుకుని రాజు ముఖం గుడ్డకంటే ఎర్రబడింది.

"మా పుట్టుక మీద అనుమానమా, ఉద్దండా? అదీ మూడుసార్లు?"

ఉద్దండరాయుడి మీసం కిందికి వాలింది. "ప్రభూ... తమరని తెలిస్తే..."

"తెలియకుండా గుద్దింది తమరొక్కరి మీదే కాదు ప్రభూ, ఇంటికో ఆకున్న మూడు వందల ఇళ్ళ మీదా! మెట్లు విరిగి పిల్ల జారిపడిందని రాసిన తల్లి మీద కూడా ఇదే పుట్టుక అచ్చు!" అన్నాడు గురవప్ప.

రాజు ఆ గుడ్డను పక్కకు తీయించాడు. తర్వాత, "తాపీవాళ్ళను ఈ పూటే నీలిరేవు పంపండి. ఆ పిల్ల తల్లికి మా తరఫున క్షమాపణ చెప్పండి. ఇక ఈ దళానికి ఏం శిక్ష వేయమంటావు?" అన్నాడు.

"శిక్షా! ఇంత కష్టపడ్డవాళ్ళకు సన్మానం చేయాలి ప్రభూ. దళం మొత్తాన్ని అచ్చులతో సహా పక్క రాజుకు కానుకగా పంపండి. ఈ మూడు రోజులూ ఆయన తరఫున సంతలో నిలబడితే చాలు. ఆయన కుండలో ఆకు కాదుగదా, ఈగ కూడా వాలదు!"

రాజు పకపకా నవ్వాడు. సభంతా గొల్లుమంది. రాజు తన భుజాన ఉన్న జరీ శాలువా తీసి గురవప్పకు కప్పాడు.

తల దక్కిందని తెలియగానే ఉద్దండరాయుడి మీసం మళ్ళీ లేచింది. ముందుకొచ్చి వినయంగా అడిగాడు.

"ప్రభూ, అక్కడ ఎర్రరంగు దొరుకుతుందో లేదో... మనదే ఒక బాన తీసుకెళ్ళమంటారా?"

"రెండు తీసుకెళ్ళు నాయనా!" అన్నాడు రాజు, కళ్ళు తుడుచుకుంటూ.