కామిశెట్టి చేసిన పీట

అనగనగా, మిరియాలు ముత్యాల ధర పలికే రోజుల్లో, గంధపేట అనే ఊళ్ళో కామిశెట్టి అనే మిరియాల వ్యాపారి ఉండేవాడు. తూకంలో దిట్ట, మాటలో అంతకన్నా దిట్ట. చేతిపని అంటారా, గోడకు మేకు కొట్టిన పాపాన పోలేదు.

అతని తల్లి అచ్చమ్మకు మోకాళ్ళ నొప్పులు. కింద కూర్చుంటే లేవలేదు. ఒకనాడు అరుగు మీద నలుగురూ వింటుండగా కామిశెట్టి, "అమ్మా, నీకు ఎత్తు పీట నా చేతుల్తో నేనే చేసిపెడతాను" అన్నాడు.

"అట్లాగే నాయనా. నీ పీట వచ్చేదాకా నిలబడే తింటాను" అంది ఆమె.

మాటంటే మాటే. ఆ పూట నుంచి వంటింటి గోడకు ఆనుకుని, కంచం చేత్తో పట్టుకుని తినసాగింది. ముద్దముద్దకీ మోకాలు నొక్కుకునేది. అది చూస్తుంటే కొడుక్కి ముద్ద దిగేది కాదు.

సరే, పని మొదలుపెట్టాలి. ఎక్కణ్ణుంచి? అదే తెలియదు మహానుభావుడికి. కమ్మరి దగ్గరికి పోయి రంపం, బాడిస, చిత్రిక, పెద్ద ఉలి, చిన్న ఉలి, కంటికి కనబడినవన్నీ తెచ్చాడు. పెరట్లో పరిచి చూసుకుంటే ఏది ఎందుకో అర్థం కాలేదు. చెక్క నునుపు చేద్దామని చిత్రిక పట్టాడు. చెక్క నార వాలుకు ఎదురు తోశాడేమో, దాని నిండా ముళ్ళు లేచాయి.

పక్కింటి వడ్రంగి సిద్ధాచారి గోడ మీంచి తొంగిచూశాడు. "ఏమన్నా చెప్పమంటారా శెట్టిగారూ?"

"అక్కర్లేదు ఆచారీ, నాకు తెలుసు."

ఏం తెలుసో ఆ దేవుడికే తెలియాలి. పది రోజులు వేళ్ళు చితగ్గొట్టుకుని, ఎలాగో మూరెడెత్తున నాలుగు కాళ్ళ పీట నిలబెట్టాడు. పెరట్లో బండ మీద అది బుద్ధిగా నిలబడింది. మురిసిపోతూ వంటింట్లో రోటి పక్కన, అమ్మ భోంచేసే చోట వేశాడు. చేయి ఆనించగానే టకటకమంది. ఒక కాలు గాల్లో ఉంది.

"కాళ్ళు తేడా వచ్చాయి కాబోలు" అనుకుని పెరట్లోకి తీసుకుపోయి ఒక కాలు కోశాడు. ఎక్కువ తెగింది. దానికి సరిగా మిగతా మూడూ కోశాడు. బండ మీద వేస్తే కదల్లేదు. వంటింట్లోకి తెస్తే మళ్ళీ టకటక.

కామిశెట్టికి బుర్ర తిరిగిపోయింది. పెరట్లో మంచిది, ఇంట్లో చెడ్డది, ఇదెక్కడి పీట? రెండోసారి కోశాడు. అదే వరస. దిష్టి తగిలిందేమోనని పీటకు ఉప్పు తిప్పి పొయ్యిలో వేశాడు. ఉప్పు చిటపటలాడింది కానీ పీట మాత్రం కుదరలేదు. మూడోసారి కూడా కోశాడు. కోసినప్పుడల్లా ఆచారి అడుగుతూనే ఉన్నాడు, ఈయన "నాకు తెలుసు" అంటూనే ఉన్నాడు.

"ఏరా, నీ పీటకు కృష్ణపక్షం నడుస్తోందా? రోజురోజుకీ తరిగిపోతోంది" అంది అచ్చమ్మ. నవ్వుతూనే అంది, కానీ ఆమె కాళ్ళు వణుకుతున్నాయి. చేతిలో కంచం వణుకుతోంది.

మూరెడు పీట జానెడైంది. నాలుగోసారి రంపం ఎత్తిన కామిశెట్టికి ఆ వణుకు కళ్ళముందు మెదిలింది. రంపం కింద పెట్టేశాడు. సిగ్గుతో, దుఃఖంతో గోడ దగ్గరికి నడిచాడు.

"ఆచారీ, నాకేమీ తెలియదయ్యా. ఏది ఎందుకో మొదటిరోజు నుంచీ తెలియదు. మా అమ్మ నిలబడే ఉంది."

సిద్ధాచారి వెంటనే వచ్చాడు. పీట వంక చూడనే లేదు. చెంబెడు నీళ్ళు తెప్పించి రోటి పక్కన నేల మీద పోశాడు. నీళ్ళన్నీ ఒకచోటికి పారి మడుగు కట్టాయి.

"ఏళ్ళ తరబడి దంచీ దంచీ ఇక్కడ నేల కుంగింది శెట్టిగారూ. మీ పీట మొదటిరోజే బాగుంది."

కామిశెట్టి వంగి ఆ తడి గుంటను చేత్తో తడిమి చూశాడు.

"మూడు కాళ్ళ పీట చేద్దాం పట్టండి. అది ఎగుడుదిగుడు నేల మీదా కదలదు. ముందు చిత్రిక ఎటు తోయాలో చెబుతాను" అన్నాడు ఆచారి.

మూడోనాటి మధ్యాహ్నం అచ్చమ్మ రోటి పక్కన, కొడుకు తన చేతుల్తో చేసిన మూడు కాళ్ళ పీట మీద కూర్చుంది. కంచం ఒళ్ళో పెట్టుకుని, కాళ్ళు చాపుకుని, కడుపునిండా తింది. ఎదురుగా జానెడు పీట మీద, మోకాళ్ళు గడ్డానికి తగులుతుండగా, టకటకా ఊగుతూ తిన్నాడు కామిశెట్టి.

"దాన్ని చదును మీదికి జరుపుకోరాదూ?" అంది తల్లి.

"ఉండనీ అమ్మా, ఆ చప్పుడు నేను వినాల్సిందే" అన్నాడు కొడుకు.

తెలియదని ఒప్పుకోనివాడి చేతిలో మంచి చెక్క కూడా రంపపు పొట్టే అవుతుంది.