ఆకు కింద ఉప్పు

గవరయ్య గురువుకి కూర్చుని జవాబు చెప్పే అలవాటు లేదు. ఎవరు ఏ సందేహం అడిగినా, అడిగినవాడి చేతికి ఒక పని అప్పగించి తన చుట్ట తాను వెలిగించుకునేవాడు. సముద్రం పక్కన ఆయనకు రెండు ఉప్పు మడులుండేవి. పగలంతా మడుల్లో పని, సోమవారం సాయంత్రాలు పాకలో తత్వాలు. ఆత్మ ఎక్కడుంటుందని అడిగిన ఒక పెద్దమనిషి చేత మూడు గంటలు ఉప్పునీళ్ళు తోడించాడట. ఆ పెద్దమనిషి మళ్ళీ ఆ ఛాయలకు రాలేదు. మిగతావాళ్ళు మాత్రం అరచేతులు కాయలు కాచినా మానకుండా వచ్చేవారు. ఆయన చేయించిన పని ఏనాడూ ఊరికే పోలేదని వాళ్ళకు తెలుసు.

ఆ వచ్చేవాళ్ళలో తవిటినాయుడు ఒకడు. జూట్ మిల్లులో మగ్గం మీద పని. ఆ మిల్లులో చేరిన ప్రతివాడికీ నెలజీతంలో కొంత కోసి సర్కారు ఆరోగ్య బీమా కార్డు ఇస్తారు. వద్దు మొర్రో అన్నా కోస్తారు. ఆ కార్డు మీదే అతని భార్య నరసమ్మ గుండెకి మందులు వస్తున్నాయి. కవాటం ఒకటి బలహీనపడిందనీ, ఇప్పటికి మందులతో నెట్టుకురావచ్చు గానీ మూడు నాలుగేళ్ళలో ఆపరేషను తప్పదనీ డాక్టరు చెప్పిన దగ్గర్నుంచీ తవిటినాయుడికి తిన్నది ఒంటపట్టడం లేదు. కార్డుకి తోడు సొంతంగా మరో బీమా తీసుకోవాలని నిశ్చయించుకున్నాడు. ఏజెంటు రెండు రకాల కాగితాలు ఇచ్చాడు. తన తాహతుకి ఒక్కటే వీలవుతుంది. సంతకానికి మంగళవారం వస్తానని ఏజెంటు చెప్పి వెళ్ళాడు.

సోమవారం షిఫ్టు దిగగానే తవిటినాయుడు సరాసరి మడుల దగ్గరికి వచ్చి, చొక్కా లోపలి నుంచి ప్లాస్టిక్ కవరు బయటికి తీశాడు.

"గురువయ్యా, ఈ రెంటిలో ఏది తీసుకోమంటావు? ఈ పెద్ద పుస్తకం మా మిల్లు కార్డుకి జోడంట. ఏసీ గది ఇస్తాదంట, ఆస్పత్రిలో ఉన్నన్నాళ్ళూ రోజుకింత సేతిలో పెడతాదంట. ఈ రెండోది బక్కది. గదీ లేదు, గిదీ లేదు. నాకైతే పెద్దదాని మీదే మనసు పోతంది."

గురువు కాగితాల వైపు చూడలేదు, పడమటి ఆకాశం వైపు చూశాడు. మబ్బు నల్లగా లేస్తోంది.

"వానొస్తంది. ఆ సివరి కుప్ప సంగతి సూడు," అని పాకలోకి వెళ్ళిపోయాడు.

చివరి కుప్ప అంటే గురువు నలభై రోజుల కష్టం. ఆ తీరాన ఉప్పు పండించేవాళ్ళకి ఒక సంఘం ఉంది. అందరూ తలా ఇంత వేసుకోవాల్సిందే, సంఘం ప్రతి కుప్పకీ తాటాకు కప్పించాల్సిందే. మిగతాది ఎవరి కుప్ప వాళ్ళు చూసుకుంటారు. ఈ కుప్ప మీద కూడా సంఘం ఆకు ఉంది. పక్కనే గురువువి రెండు మోపుల కొత్త తాటాకు, ఒక పార, ఇంత తడి బంకమట్టి ఉన్నాయి.

తవిటినాయుడు ఒక్క క్షణం ఆలస్యం చెయ్యలేదు. నిచ్చెన వేసుకుని పైకెక్కి, సంఘం ఆకు మీద కొత్త ఆకు పరిచి, కొబ్బరితాడుతో బిగించి కట్టాడు. రెండో మోపు కూడా పైనే పరిచాడు. గంపలతో ఇళ్ళకి పరుగెడుతున్న ఆడవాళ్ళు ఆగి చూసి, "అబ్బో, పెళ్ళిపందిరే!" అన్నారు. తవిటినాయుడి ముఖం వెలిగిపోయింది. పారని ముట్టుకోనైనా లేదు.

వాన విరుచుకుపడింది. గంటసేపు ఎదుటి మనిషి కనిపించలేదు. పాకలో కూర్చున్న తవిటినాయుడికి మాత్రం గుండె మీద చెయ్యేసుకున్నంత ధీమాగా ఉంది. వాన తెరిపి ఇవ్వగానే వెళ్ళి ఆకు ఎత్తి చూశాడు. అడుగు ఆకు పొడిగా ఉంది. "ఒక్క సుక్క దిగలేదు గురువయ్యా!" అని అరుస్తూ, మురిసిపోతూ కుప్ప చుట్టూ తిరిగాడు. పడమటి పక్కకి వచ్చి ఆగిపోయాడు.

ఆ వైపు, కుప్ప మొదలు చుట్టూ కట్టిన చిన్న మట్టిగట్టు, గంపలు మోసేవాళ్ళ కాళ్ళ కింద ఎప్పుడో తెగిపోయి ఉంది. ఆకు మీద నుంచి జారిన నీరూ, మడి నుంచి పొర్లిన నీరూ అన్నీ ఆ గండిలోంచి వచ్చి చీలమండ లోతున నిలబడ్డాయి. కుప్ప అడుగు నుంచి కరిగి ఆ పక్కంతా కూలిపోయింది. పైన ఆకు చెక్కుచెదరలేదు. అక్కడ దాని కింద ఉప్పు లేదు.

తవిటినాయుడు పరుగున పోయి పార అందుకున్నాడు. గురువు మట్టి ముద్దలు అందిస్తుంటే గండి పూడ్చాడు, నిలిచిన నీటికి దారి చేశాడు. మిగిలిన ఉప్పు నిలబడింది. ఇద్దరూ బురదకొట్టుకుపోయారు.

"పైన సంఘం ఆకు ఉన్నట్టు నీకు తెలుసా?" అన్నాడు గురువు.

"తెలుసు."

"మరి యే పక్క లేదో సూసినావా?"

తవిటినాయుడు చేతులు కడుక్కుని, కవరులోంచి కాగితాలు తీసి, ఇన్నాళ్ళూ తిప్పని చివరి పేజీలు తిప్పాడు. మిల్లు రెండేళ్ళకోసారి గేటుకి తాళం వేస్తుంది. కిందటిసారి ఏడు నెలలు వేసింది. తాళం తియ్యకపోతే కొన్నాళ్ళకి కార్డు ఆగుతుందని అప్పుడే యూనియన్ వాళ్ళు చెప్పారు. కార్డు ఆగిననాడు తానూ ఆగుతానని పెద్ద పుస్తకం చివరి పేజీలో చిన్న అక్షరాలతో రాసి ఉంది. బక్కదానికి మిల్లుతో పని లేదు. నరసమ్మ పేరున ఇప్పుడు కడితే, ఉన్న జబ్బుకి మూడేళ్ళు ఆగాలి, ఆ తర్వాత గేటు తెరిచినా మూసినా ఆపరేషనుకి ఇస్తుంది. తవిటినాయుడు ఆ పేరా రెండుసార్లు చదివాడు. డాక్టరు మాట విన్న నాటి నుంచీ గుండెల మీద కూర్చున్న బరువు ఆ సాయంత్రం కొంచెం కదిలింది.

పెద్ద పుస్తకం అట్ట చింపి గురువు చేతికిచ్చాడు. గురువు దాంతో చుట్ట వెలిగించుకున్నాడు.

కానీ కూలిన కుప్ప వైపు చూసేసరికి తవిటినాయుడి ప్రాణం ఉసూరుమంది. "సగం పోయింది గురువయ్యా. గట్టు తెగిందని నీకు ముందే తెలుసు గదా? ఒక్క మాట సెప్పుంటే ఆకు ఒగ్గీసి పార పట్టీవోణ్ణి గదా!"

గురువు పొగ వదిలి, పాక వైపు నడుస్తూ అన్నాడు:

"సెప్తే ఉప్పు మిగిలీది, తవిటీ. నరసమ్మని అడిగినానని సెప్పు."