ముళ్ళయ్య సూది

అనగనగా మబ్బులు కిందికి దిగి పడుకునే ఒక అడవి ఉండేది. అక్కడ పొద్దున్నే ముందు ఇప్పపూల వాసన వస్తుంది, ఆ తరవాత మెల్లగా ఇప్పచెట్టు కనిపిస్తుంది. ఆ అడవిలో పొడలమ్మ అనే దుప్పి, దాని కూతురు చిగురి ఉండేవి.

ఒకరోజు చిగురికి జ్వరంతో ఒళ్ళు కాలిపోయింది. పొడలమ్మ పిల్లని మెల్లగా నడిపించుకుంటూ కొండెక్కింది. కొండ మీద మారేడమ్మ అనే కొండముచ్చు వైద్యం చేసేది. ఏరు అవతల పన్నెండేళ్ళు చదివి వచ్చింది. అలా చదివినవాళ్ళకి అడవికి పెద్దయిన ఏనుగు తాత చెక్క మీద తన పాదముద్ర వేసి ఇస్తాడు. చెక్క ఎందుకంటే, పిల్లలూ, జబ్బుపడ్డవాళ్ళకి వైద్యం తెలీదు కదా. వైద్యం ఎవరికి వచ్చో ఎవరో ఒకరు వాళ్ళకి చెప్పాలి.

మారేడమ్మ తొందరపడలేదు.

"ఎప్పటినుంచి?"

"నిన్నటినుంచి."

"నీళ్ళు తాగుతోందా?"

"కొంచెం కొంచెం."

నాలుక చూసింది. పొట్ట నొక్కింది. గుండె మీద చెవి పెట్టి విన్నది. "భయం లేదు. ఊటనీళ్ళు మాటిమాటికీ పట్టు, నీడలో పడుకోబెట్టు. మూడు రోజుల్లో తగ్గకపోతే నా దగ్గరికి తీసుకురా" అంది.

"సూది వెయ్యవా?"

"ఈ జ్వరానికి సూదితో పనిలేదమ్మా."

పొడలమ్మ మొహం చిన్నబోయింది. ఇంత కొండ ఎక్కితే నీళ్ళు తాగమందా, అనుకుంది.

దిగుతుంటే కుందేలు ఎదురైంది. "అంత దూరం ఎందుకెళ్ళావు వదినా? వాగు పక్కనే ముళ్ళయ్య ఉన్నాడుగా. ఒక్క పోటు, అంతే. నా కడుపునొప్పికి అదే, ఉడత దగ్గుకి అదే, నెమలి కాలికి అదే."

ముళ్ళయ్య అంటే ముళ్ళపంది. ఒకప్పుడు ఆరు నెలలు మారేడమ్మ మూలికల బుట్ట మోశాడు. మాట మహా తియ్యన. "రా అక్కా, కూర్చో. చిట్టితల్లికేమైంది? నేను చూసుకుంటాగా" అన్నాడు. పొడలమ్మకి ప్రాణం లేచివచ్చింది.

అయినా అడిగింది. "నీ చెక్క ఏదీ అన్నా?"

"నిరుటి వానకి కొట్టుకుపోయింది. అయినా అక్కా, వైద్యం చేసేది చెక్కా, చెయ్యా?"

చుట్టూ ఉన్నవాళ్ళంతా నవ్వారు. పొడలమ్మ కూడా నవ్వేసింది. ముళ్ళయ్య అప్పుడే ఉడతకి పొడిచిన ముల్లుని ఆకుతో తుడిచి, పసరులో ముంచి, చిగురి తొడలో గుచ్చాడు.

మర్నాడు జ్వరం తగ్గింది. అది తగ్గే జ్వరమే. కానీ పేరు ముళ్ళయ్యకి వచ్చింది. రెండోరోజు తొడ వాచింది. "మందు పనిచేస్తోందన్నమాట" అని ముళ్ళయ్య ఇంకో పోటు పొడిచాడు. మూడోరోజు చిగురి లేవలేదు.

"అమ్మా, మబ్బు నా కాల్లోకి వచ్చి పడుకుంది. బరువుగా ఉంది" అంది, కళ్ళు మూసుకునే.

పొడలమ్మ కొండ మీదికి పరుగెత్తింది. మారేడమ్మ వెంటనే దిగివచ్చింది. చీము తీసి, వేపనీళ్ళతో కడిగి, కట్టు కట్టింది. నాలుగు రోజులు పక్కనుంచి కదల్లేదు. అయిదోరోజు చిగురి కళ్ళు తెరిచింది.

"ప్రాణానికి భయం లేదు. కాలు మాత్రం మునుపటిలా వంగదు" అంది మారేడమ్మ.

"నువ్వు చెప్పినట్టు నీళ్ళే పట్టి ఉంటే?"

మారేడమ్మ కట్టు సరిచేసింది.

ఇది విని ఏనుగు తాత అందరినీ పిలిచాడు. ముళ్ళయ్య పోటు తిన్నవాళ్ళంతా ఒంటిమీది వాపులు దాచుకుని నేలచూపులు చూస్తున్నారు.

"నేనెవర్నీ పిలవలేదు. వాళ్ళే వచ్చారు" అన్నాడు ముళ్ళయ్య.

అది నిజమే. పొడలమ్మకీ సిగ్గుగానే ఉంది. కానీ తను నోరు విప్పకపోతే రేపు ఇంకో పిల్ల కాలు వాస్తుంది. లేచి నిలబడింది.

"అవును, నేనే వెళ్ళాను. చెక్క ఏదని అడిగాను. సరైన జవాబు రాకపోయినా నవ్వేసి ఊరుకున్నాను. నా తప్పు నేను చెప్పుకున్నాను. మీ వాపులు మీరు చూపించండి."

కుందేలు వెనక్కి తిరిగి వీపు చూపించింది. ఉడత మెడ చూపించింది. నెమలి, ఈకలంటే ప్రాణమిచ్చే నెమలి, ఈకలు తొలగించి కాలు చూపించింది.

ఏనుగు తాత ఒక్కొక్క వాపూ చూశాడు. "ముళ్ళయ్యా, నీకు నేనెన్నడూ ముద్ర వెయ్యలేదు. ముద్ర లేనివాడు ఈ అడవిలో ఎవరి ఒంటికీ వైద్యం చెయ్యకూడదు. నేటితో ఆపెయ్యి" అన్నాడు.

"కొండ దూరమనే వీళ్ళంతా వాగు దగ్గరికి పోయారు. ఇకనుంచి వారానికి రెండు రోజులు నేనే కిందికి దిగుతాను" అంది మారేడమ్మ.

ముళ్ళయ్య మారేడమ్మ వైపు తిరిగాడు. "నేను నిజంగా నయమవుతుందనే అనుకున్నాను, అమ్మా."

"అనుకున్నావు, నాకు తెలుసు. అనుకోవడానికీ తెలియడానికీ మధ్య పన్నెండేళ్ళ చదువుంది, ముళ్ళయ్యా. ఏరు దాటి వెళ్తావా?"

ముళ్ళయ్య ఏరు వైపు చూశాడు.

పొడలమ్మ కూతుర్ని తీసుకుని ఇంటిదారి పట్టింది. చిగురి మూడు కాళ్ళ మీద గెంతుతూ, నాలుగోది ఈడ్చుకుంటూ నడిచింది. తల్లి తన అడుగులు చిన్నవి చేసుకుంది. అలా ఇద్దరూ నెమ్మదిగా, చాలా నెమ్మదిగా, మబ్బులోకి వెళ్ళిపోయారు.

నీతి: వైద్యం చేస్తానన్నవాళ్ళని ఎక్కడ చదివారో, ఏ అనుమతి ఉందో ముందే అడగాలి, సరైన జవాబు వచ్చాకే ఒంటిమీద చెయ్యి వెయ్యనివ్వాలి.